అటక మీద లేని గంగాళం

అమ్మ పోయిన ఎనిమిదో నెలలో అక్క నన్ను పాత సామాన్లు చూడటానికి చల్లపల్లి తీసుకెళ్ళింది. కొనడానికి కాదు, ఊరికే చూడటానికే అంది. అక్క ఊరికే చూసిన వస్తువులన్నీ మైలవరంలో ఆవిడ ఇంట్లోనే ఉన్నాయి. అక్కడ ఎవరైనా కూర్చోవాలంటే ముందు కుర్చీలోంచి ఇత్తడి గంటో, కిరోసిన్ దీపమో తీసి కింద పెట్టాలి. ఎవరి ఇంటిదో వీధి తలుపు ఆవిడ హాల్లో భోజనాల బల్ల అయింది. గడియ ఉన్నచోట కంచం పెడితే చారంతా ఒక పక్కకు పోతుంది. ఆవిడకు అదో ఆనందం.

"రెండ్రోజులు సెలవు పెట్టవే. ఆ మొహం చూసుకున్నావా, ఎట్టా అయిపోయిందో? అట్టా తిరిగొద్దాం," అంది వీడియో కాల్‌లో. ఒక్కరోజు పెట్టాను.

నాకేమీ అనిపించడం లేదని అక్కకు తెలుసు. అమ్మ పోయినరోజు నేను ఏడవలేదు. ఏడ్చే తీరిక ఎక్కడిది? అక్క అమ్మ కాళ్ళ దగ్గర కూలబడిపోతే, ఐస్ బాక్స్ మాట్లాడటం దగ్గర్నుంచి పెద్దకర్మనాడు విస్తళ్ళ దాకా నేనే చూసుకున్నాను. చుట్టాలంతా మెచ్చుకున్నారు. తర్వాత తీరిక దొరికింది కానీ ఏడుపు రాలేదు. ఆఫీసు, ఇల్లు, పడక. కూరలో ఉప్పు వేశానో లేదో తిన్నవాళ్ళు చెబితేనే తెలిసేది.

అక్కకు తెలియనిది ఇంకొకటుంది. అమ్మ గంగాళం నా దగ్గర లేదు.

అది అమ్మ పెళ్ళికి తాతయ్య కొనిచ్చిన ఇత్తడి గంగాళం. చిన్నప్పుడు మా ఇద్దర్నీ ఒకేసారి అందులో కూర్చోబెట్టి అమ్మ నీళ్ళు పోసేది. అంచు మీద ఇంటిపేరు, అమ్మ పేరు చుక్కల అక్షరాలతో చెక్కి ఉండేవి. అప్పట్లో పేరు చెక్కించకుండా ఏ గిన్నే మా ఇళ్ళలో వాడకంలోకి వచ్చేది కాదు. ఎవరింట్లో పెళ్ళికి ఇచ్చినా ఆ పేరు చూసుకుని ఇల్లు చేరేది. కర్మలయ్యాక అక్క తనకింకేమీ వద్దని అదొక్కటే అడిగింది. "అటక మీదుంది, దింపించి ఇస్తాలే," అన్నాను. ఎనిమిది నెలలుగా అదే అంటున్నాను. ఆ రోజు కారెక్కగానే అక్క చెప్పింది, తిరిగొచ్చేటప్పుడు మా ఇంటికొచ్చి తనే దింపించుకుంటుందట. బెంజి సర్కిల్ దాటకముందే నా అబద్ధానికి సాయంత్రం గడువు పడింది.

భయం వేయాలి కదా? వేయలేదు. వేరేవాళ్ళ సంగతేదో తలుచుకున్నట్టు తలుచుకుని ఊరుకున్నాను.

కంకిపాడు దాటాక ఒక పాత కలప కొట్టు దగ్గర అక్క కారు ఆపింది. తలుపులు, దూలాలు, కిటికీలు గోడకు ఆనించి ఉన్నాయి. ఒక ద్వారబంధం మీది చిలకల్ని వేళ్ళతో తడిమి, "టేకు. వాసన చూడు," అంది. చూశాను. దుమ్ము వాసన వచ్చింది. "బాగుంది," అన్నాను.

"నీ బాగుంది తగలెయ్య," అంది అక్క. ఒక స్తంభాన్ని అరగంట బేరమాడి, కొట్టాయన కుదరదనేసరికి హాయిగా నవ్వుకుంటూ బయటికొచ్చింది. బేరమాడటంలో ఉన్న సుఖం కొనడంలో లేదని ఆవిడ సిద్ధాంతం. పామర్రులో మెస్సులో భోజనం చేశాం. అక్క గోంగూర మారు వడ్డించుకుంది. నేనేం తిన్నానో గుర్తులేదు. కూచిపూడి దాటాక రోడ్డుకు రెండువైపులా నాట్లు పూర్తయి పచ్చగా ఉంటే అక్క అద్దం దించి చూడమంది. నేను ఆఫీసు మెయిల్ చూసుకున్నాను.

చల్లపల్లి కొట్టు ఒక పాత మిల్లు గోడౌన్‌లో ఉంది. కొట్టాయన డెబ్బై దాటిన సాయిబు గారు. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి వేసేవారట. లోపల ఊరగాయ జాడీలు, మరచెంబులు, ఆగిపోయిన గడియారాలు, ఇంకా బోలెడు కుర్చీలు. ప్రతి కుర్చీ ఆ ఊరి జమీందార్ల కోటలోదేనని చెప్పారాయన. నిజంగా అన్ని కుర్చీలుంటే ఆ కోటలో నడవడానికి చోటుండేది కాదు. అక్క ప్రతిదాంట్లో ఒకసారి కూర్చుని లేచింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

లోపలి మూల నుంచి అక్క పిలిచింది. "ఇటు రావే. అచ్చం అమ్మదే!"

వెళ్ళాను. అమ్మది కాదు. అంత గంగాళమే, అదే వంపు, కానీ అంచు మీద ఇంకెవరిదో పేరు. అక్క చీర కొంగుతో ఆ అక్షరాల మీద మట్టి తుడిచింది.

"ఇంత మంచి సామాను ఎవరిచ్చారండీ మీకు?"

"ఇళ్ళవాళ్ళు ఇవ్వరమ్మా. పాత్రల కొట్లకి తూకానికొస్తాయి. ఆళ్ళు కరగబెట్టడానికి పంపే ముందు నేనెళ్ళి ఒకటో రెండో ఏరుకొస్తా," అన్నారాయన. "పెద్దకర్మలకి స్టీలు డబ్బాలు పంచాలి కదమ్మా. ఇయ్యిచ్చి అయ్యి తీసుకెళ్తారు."

"మతుండే చేస్తారాండీ ఆ పని?" అంది అక్క.

"నేను చేశాను," అన్నాను.

అక్క నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపింది.

చెప్పాను. తొమ్మిదో రోజున వన్‌టౌన్‌లో డబ్బాలు తేవడానికి వెళ్ళాను. పెద్దకర్మకు వచ్చినవాళ్ళ చేతిలో పోయినవాళ్ళ పేరు చెక్కించిన స్టీలు డబ్బా పెట్టి పంపడం మా వైపు ఆనవాయితీ. పాత ఇత్తడి ఉంటే వేయండమ్మా, అందరూ అదే చేస్తున్నారన్నాడు కొట్టతను. ఇంటికొచ్చి పెద్దది ఏముందా అని చూసి, గంగాళం ఆటో ఎక్కించాను. సాయంత్రానికి రెండు వందల డబ్బాలు వచ్చాయి, ప్రతి మూత మీదా మిషనుతో చెక్కిన అమ్మ పేరు. నా జాబితాలో డబ్బాలు అన్నచోట టిక్కు పెట్టుకున్నాను. గంగాళం మీద ఉన్నదీ అమ్మ పేరేనని వారం తర్వాత గాని నాకు తట్టలేదు.

"ఎనిమిది నెలలంటే కరిగిపోయుంటదమ్మా," అన్నారు సాయిబు గారు మెల్లగా, అడక్కుండానే. అని జాడీలవైపు వెళ్ళిపోయారు.

"బుద్ధుందటే నీకు?" అంది అక్క. గోడౌన్ అంతా వినపడింది. "అమ్మ పేరు మంటల్లో పడేసి అమ్మ పేరుతో డబ్బాలు పంచుతావా? నలుగురూ భేష్ అంటే చాలా? పైగా అటకంట, అటక! నేను వెర్రిదాన్లాగా అడుగుతుంటే ఎట్టా చెప్పగలిగావే ఆ మాట? నా పక్కన కూర్చోమాక. ఎనక్కి పో."

వెనక సీట్లో కూర్చున్నాను. అక్క ఏమీ కొనలేదు. సాయిబు గారు మజ్జిగ తాగి వెళ్ళమంటే నమస్కారం పెట్టి వచ్చేసింది.

ఎనిమిది నెలలుగా నన్ను అందరూ జాగ్రత్తగా పలకరిస్తున్నారు. అన్నీ నువ్వే చేశావు, విశ్రాంతి తీసుకో అన్నారు. ఒక్కరూ తిట్టలేదు. బుద్ధుందటే అని నన్ను నోరారా తిట్టింది ఇంతవరకూ అమ్మ ఒక్కతే. కూచిపూడి దగ్గర ఏడుపు మొదలైంది. ముక్కు కారి, వెక్కిళ్ళు వచ్చి, సీటు మీద ఒరిగిపోయేంత ఏడుపు. గంగాళం కోసం కాదు. నాకు అమ్మ కావాలి. యాభై రెండేళ్ళ దాన్ని, మా అమ్మ కావాలని ఏడ్చాను. అక్క అద్దంలో చూస్తూనే ఉంది, కారు మాత్రం ఆపలేదు.

ఉయ్యూరు వచ్చాక అంది, "ఈ ఏడుపేదో ఆ రోజే ఏడ్చుంటే గంగాళం మిగిలేది కదే." ఆవిడ గొంతు కూడా బాగాలేదు.

అవునన్నాను.