ఒక్క సీసా రక్తం

నేను పనిచేసిన చిత్తూరు ఆసుపత్రి ల్యాబులో పెద్ద టెక్నీషియన్ ఏ పరీక్షనైనా రెండుసార్లు చేసేవాడు. "ఇంకోసారి సూస్తే పోయేదేముండాది?" అనేవాడు.

ఎనభైల్లో ఒక పెద్ద ఆసుపత్రి చుట్టుపక్కల ల్యాబులన్నిటికీ ఒకే రక్తనమూనాను తలా ఒక సీసా పంపి, ఫలితాలు పోల్చింది. చక్కెర మేమొక్కరమే బాగా ఎక్కువ రాశామని ఉత్తరం వచ్చింది. వెతికితే, మేం కొలతకు ప్రమాణంగా వాడే చక్కెర ద్రావణమే పాడైంది. రెండుసార్లు చేసినా అదే తప్పు.

ఆయన ఫలితాల రిజిస్టరు తెరిచాడు. "సీసా సంగతి సరేమ్మా. మనం రాసిచ్చిన మనుషుల సంగతేంది?"

మా అంకె చూసి డాక్టరు ముందురోజే ఐరాల అనే ఊరి ముసలామెకు ఇన్సులిన్ పెంచారు. ఇద్దరం బస్సెక్కాం. మేం వెళ్ళేసరికి ఆమె చక్కెర మరీ తగ్గిపోయి, చెమటతో తడిసి, పలవరిస్తోంది. ఆయన చక్కెరనీళ్ళు గుక్కగుక్కగా తాగించాడు.

కాసేపటికి ఆమె తేరుకుని, "ఎవురు నాయనా నువ్వు?" అంది.

"నీ పరీక్ష తప్పు రాసినోణ్ణి తల్లీ" అంటూ ఆయన మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు.