మా ఆయన చెవులూ, హామిల్టన్ ఓడా

విదేశంలో, మిల్టన్ అనే ఊళ్లో ఉండే మా అమ్మాయి మాకు ఆ దగ్గర్లోని పెద్ద జలపాతం మూడోసారి కూడా చూపించేసింది. ఇక చూపించడానికేమీ మిగలక, హామిల్టన్ రేవులో మ్యూజియంగా మార్చిన పాత యుద్ధనౌకకి తీసుకెళ్లింది. మా ఆయన నేవీలో ఇంజన్ రూములో పనిచేసి రిటైరయిన మనిషి. జీవితమంతా ఓడలో మగ్గినవాణ్ణి విహారానికి ఓడలోకే తీసుకెళ్లాలన్న ఆలోచన ఎంత గొప్పదో చూడండి.

ఆయనకి చెవుడు. మామూలు చెవుడు కాదు, తెలివైన చెవుడు. వంటింట్లోంచి కొత్తిమీర తెమ్మని గొంతు చించుకున్నా వినపడదు. ఎదురుగా వచ్చి కాఫీ తాగుతారా అని గొణిగితే మాత్రం ఠక్కున తలూపుతారు. అనుమానమొచ్చి, ఎదురుగా నిలబడే గొంతు తగ్గించి తిట్టి చూసేదాన్ని. నా ముఖంలోకే చూస్తూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవారు. పనులు వినపడకపోవడం నటన, తిట్లు వినపడకపోవడం నిజం అని తేల్చుకున్నాను. దొంగని ఎప్పటికైనా పట్టుకోవాలని నా పట్టుదల.

ఓడలో నిచ్చెన నిటారుగా ఉంది. అమ్మాయి పైనే ఆగిపోయింది. నేను చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆయన వెనకే ఇంజన్ రూములోకి దిగాను. అన్నీ గొట్టాలే, మనిషి నిలబడేంత చోటు కూడా లేదు. ఇంజన్లు నడిచేటప్పుడు ఎలా ఉండేదో వినిపించడానికి గోడకి ఒక బటన్ పెట్టారు. ఊరుకోవచ్చుగా, నొక్కాను. రోడ్డు రోలరు నెత్తిమీద నడిచినట్టయింది. రెండు చెవులూ మూసుకున్నాను. ఆయన మాత్రం తాపీగా నన్నే చూస్తున్నారు.

"ఇందులోనా ఇన్నేళ్లూ ఉన్నారు మహానుభావా" అని గొణిగాను. నా మాట నాకే వినపడలేదు.

శబ్దం ఆగింది.

"ఇందులోనే. అసలు మోత ఇంతకన్నా ఎక్కువ" అన్నారు.

"మీకెలా వినపడింది?"

"వినపడలేదు. ఇక్కడ ఎవరికి వినపడుతుంది? పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్లం. అదే అలవాటైపోయింది."

వంటింట్లోంచి కేకేస్తే పెదాలు కనపడవు. కాఫీ అడిగేది ఎదురుగా. ఇక ఆ తిట్లు, అవీ ఎదురుగానే. 

"అయితే నేను తిట్టినవన్నీ..."

"అన్నీ" అన్నారు. "తిట్టేటప్పుడే కదా నువ్వు నాకేసి తిరిగి మాట్లాడేది."

పైనుంచి అమ్మాయి పిలిచింది. ఆయనకి వినపడలేదు. నేను ఆయనకేసి తిరిగి, పైకి రమ్మంటోందని చెప్పాను.