మెటల్ క్యాసెట్‌లో శౌరి ఫిడేలు

శౌరి మొండిఘటం. ఉక్కు ప్లాంటులో ఎర్రగా కాలిన రైలు పట్టాలను కోసే రంపం దగ్గర ఇరవై ఆరేళ్లు నిలబడ్డాడు. ప్రతి ఆదివారం సెక్టర్ 6 చర్చిలో ఫిడేలు వాయించాడు. మొదటి పని రెండో పనిని మింగేస్తోందని తెలిసి కూడా ఎవరికీ చెప్పలేదు మహానుభావుడు!

ఎలా దాచాడంటారా? ఏడాదికోసారి చెవుల పరీక్ష ఉండేది. చెవులకు డిప్పలు తగిలించి, కూత వినబడితే చెయ్యెత్తమనేవారు. రంపం హోరులో మాటలు వినబడవు కనక మిల్లులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. క్రేను నడిపేవాడికి బొటనవేలు పైకి చూపిస్తే ఎత్తమని, కిందికి చూపిస్తే దించమని. అలా చేతులు చదవడంలో ఆరితేరిన శౌరికి, పరీక్ష చేసేవాడి మోచేయి ఒక లెక్కా? కూత మీట నొక్కడానికి అది కదిలినప్పుడల్లా చెయ్యెత్తేవాడు. చెవి పోయిందని తేలితే స్టోరులో కూర్చోబెడతారని భయం, ముఠాలో మొనగాడన్న పేరు పోతుందని పొగరు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు.

తొంభై అయిదు క్రిస్మస్‌కి బండారం బయటపడింది. చర్చిలో పాటలు నేర్పేది శౌరి భార్య దెబోరానే. ఆ రోజు కీర్తన మొదలైంది మొదలు, శౌరి ఫిడేలు శ్రుతికి పైపైనే నడిచింది. వెనక బెంచీలవాళ్లు కూడా తలలెత్తి చూశారు. ఇంటికొచ్చాక దెబోరా మెల్లగానే చెప్పింది. "చెయ్యి గాడి తప్పుతున్నాదండీ. కొన్నాళ్లు వాయించకండి. ముందు బెంచీలో కూచోండి."

తప్పింది చెయ్యి కాదని చెప్పలేక, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు శౌరి. ఫిడేలు పెట్టె మంచం కిందికి పోయింది. ఆదివారాలు ముందు బెంచీలో కూర్చుని, సరిగా వినబడని పాటకు పెదవులు కదిపేవాడు. చచ్చేంత చిన్నతనంగా ఉండేది.

మరుసటి ఎండాకాలం కెల్విన్ వచ్చాడు. కాలేజీ ముగించిన పిల్లాడు, చర్చిలో డ్రమ్ములు వాయిస్తాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అందరూ పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలంటుంటే ఇతగాడూ, గిటారు వాయించే ఉదయ్‌కుమారూ మెటల్ అనే హోరు సంగీతంతో క్యాసెట్ తీస్తామని బయల్దేరారు.

"అంకుల్, ఆరు పాటలు. గిటారూ మీ ఫిడేలూ కొట్టుకోవాల, మళ్లీ కలిసిపోవాల. మీరు తప్ప ఎవలూ నేరు."

శౌరి పెట్టె మీద దుమ్ము తుడిచాడు.

రుఆబాంధా కాలనీలో ఉదయ్ వాళ్ల క్వార్టరు. గోడలకు పరుపులు కట్టిన గది. డ్రమ్ములు అందుకున్నాయి. ఏడు దెబ్బలకో మలుపు, అంతలోనే అయిదుకో మలుపు. గిటారు గర్జించింది. ఉదయ్ గొంతు చించుకుని అరిచాడు. ఇంకొకరైతే పారిపోయేవారే. శౌరికి మాత్రం మిల్లులో నిలబడినట్టు ప్రాణం లేచొచ్చింది. దవడ గట్టిగా ఆనిస్తే చెక్క అదురు ఎముకలోకి దిగింది. కమాను ఆగలేదు.

పై తీగె మీదికి వెళ్లగానే ఉదయ్ చెయ్యెత్తాడు. "అంకుల్, థోడా ఊపర్ జా రహా హై." శ్రుతి కాస్త పైకి పోతోందట.

మూడుసార్లు అదే తంతు. నాలుగోసారి శౌరి కమాను దించేశాడు.

"పై తీగె నాకు వినబడదు బాబూ. నాలుగేళ్లయినాది. ఎవలికీ చెప్పనేదు. ఉన్న కాస్తా ఎప్పుడు పోతాదో! పోకముందు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, శ్రుతిలో వాయించాలని ఆశ."



ఆ సాయంత్రం దెబోరా దగ్గర అంతా కక్కేశాడు, మోచేయి సంగతితో సహా. ఆవిడ భగ్గుమంది. "నాలుగేళ్లా! చేతులతో మాటాడతుంటే మిల్లు అలవాటనుకున్నానే! నాతో చెప్తే నీ సొమ్మేటి పోయినాది?" ఎన్నడూ లేనిది 'నీ' అనేసింది. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ మోతను సైతాను సంగీతమని తిట్టిన మనిషి, తెల్లారగానే చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది.

"పెట్టె తియ్యండి. నానూ వస్తాను."

గదిలో శౌరి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. మొదటి డ్రమ్ము దెబ్బకే ఉలిక్కిపడింది గాని లేవలేదు. కళ్లు మూసుకుని, ఆ రణగొణలో మొగుడి తీగె ఒక్కదాన్నే పట్టుకుంది. శ్రుతి తగ్గితే బొటనవేలు పైకి, ఎక్కితే కిందికి. శౌరి ఆ వేలు చూస్తూ తన వేలిని బియ్యపు గింజంత జరుపుకుంటూ పోయాడు. పాట సగానికి వచ్చేసరికి ఆ బొటనవేలు కదలడం మానేసింది. ఆవిడ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పదకొండు నిమిషాల పాట. చివరి స్వరం ఆగింది.

దెబోరా చెంపలు తడిసి ఉన్నాయి. శౌరి కమాను దించి అడిగాడు.

"తప్పిందేటే?"

ఏదో అంది. పెదవులు వణుకుతుంటే అతను చదవలేకపోయాడు. ఆవిడ లేచొచ్చి, కాస్తో కూస్తో పనిచేసే కుడి చెవిలో, కుర్రాళ్లిద్దరికీ వినబడేట్టు అరిచింది.

"ఒక్కచోటా తప్పనేదండీ!"

ఉదయ్ సంబరంగా క్యాసెట్ వెనక్కి తిప్పాడు. "అంకుల్, రండి, స్పీకరు దగ్గర కూచుని వినండి."

శౌరి ఫిడేలును పెట్టెలో పడుకోబెడుతున్నాడు.

"వద్దు బాబూ," అన్నాడు. "ఆవిడ విన్నాది. నాకది చాలు."