నయాగరా పట్టికకు వచ్చిన నాలుగు

కెనడాలోని మా వాటర్లూ ల్యాబులో లోర్న్ థీసెన్ ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లు చూసుకుంటున్నాడు. పేపర్ల మీద ఆయన పేరు ఎప్పుడూ ఉండదు. ఏదైనా పాడైతే మాత్రం అందరి నోటా ఆయన పేరే. ఆయనకున్న గర్వమల్లా ఒక్కటే: తను ఇన్‌స్టాల్ చేసింది తప్పు చెప్పదని.

మా ప్రొఫెసర్ హార్‌గ్రేవ్ గారు నయాగరా హోరు రికార్డు చేసి, అందులోంచి 256 గళ్ల పట్టిక పుట్టించారు. రహస్య సందేశంలో ఏ అంకెకు బదులు ఏ అంకె వెయ్యాలో చెప్పే ఆ పట్టికనే ఎస్-బాక్స్ అంటాం. దాని బలం కొలిచే ప్రోగ్రాముల కట్టను, అంటే లైబ్రరీని, ఎక్కించడానికి లోర్న్ పైథాన్ అనే కంప్యూటర్ భాష వెర్షన్లతో రెండు రోజులు కుస్తీ పట్టాడు. చివరికి ఫలితం పంపాడు: నాలుగు. ఈ లెక్కలో అంకె ఎంత తక్కువైతే పట్టిక అంత గట్టిది. ప్రపంచమంతా వాడే పట్టికకూ నాలుగే. ప్రొఫెసర్ గారు ఉబ్బితబ్బిబ్బై ల్యాబంతటికీ బటర్ టార్టులనే మిఠాయిలు పంచి, సదస్సుకు పేపరు పంపేశారు.

సోమవారం లోర్న్ మొహం వాడిపోయి ఉంది. లైబ్రరీ సరిగ్గా ఎక్కిందో లేదో చూడటానికి దానితో వచ్చే నమూనా పట్టికను నడిపాడట. పొరపాటున ఆ ఫలితమే పంపాడట. ఆ నమూనా ఏదో కాదు, ప్రపంచమంతా వాడే ఆ పట్టికే. డాక్టరేట్లున్న మేం తొమ్మిదిమందిమి, ఒక్కరమూ ఫైలు పేరు చూడలేదు. మంచి ఫలితం వస్తే మేం చూడం.

"తప్పు నాదేనండీ. మీ పట్టికకి పన్నెండొచ్చింది," అన్నాడు లోర్న్.

"పన్నెండా!" అన్నారు ప్రొఫెసర్ గారు. "నువ్వు ఎక్కించడంలోనే ఏదో తేడా కొట్టిందయ్యా. తీసేసి మళ్లీ ఎక్కించు."

ఎక్కించాడు. పన్నెండు. వేరే కంప్యూటరు మీద ఎక్కించాడు. పన్నెండు.

"అంకెల్ని సంచిలో వేసి కలిపి తీసినా ఇంచుమించు ఇంతేనండీ. నయాగరా దాకా పోనక్కర్లేదు."

"వెటకారాలొద్దు. మొదటిసారి బాగానే చేశావుగా? అప్పుడెలా చేశావో అలాగే చెయ్యి."

"అప్పుడు మీ పట్టిక పెట్టలేదండీ."

"ఏదో ఒకటి. నాలుగు రావాలి."

లోర్న్ ఆ పని చెయ్యలేదు. పన్నెండని తనే సదస్సు వాళ్లకు రాసేశాడు. తర్వాతి నెల ప్రొఫెసర్ గారు రాసిన సవరణ అచ్చయింది: "లోర్న్ థీసెన్ ఇన్‌స్టలేషన్‌లో జరిగిన లోపం వల్ల..." అచ్చులో ఆయన పేరు రావడం అదే మొదలు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నేనూ నోరు విప్పలేదు.

లోర్న్ ఆ కాగితం ప్రింటు తీసి, ఆ వాక్యం కొట్టేసి, పక్కన "ఇన్‌స్టలేషన్ సరిగ్గానే ఉంది" అని రాసి ల్యాబు తలుపుకు అంటించాడు. దాన్ని ఇంతవరకు ఎవరూ పీకలేదు.