షట్టర్ వెనక గది

అప్పట్లో నేను జూబ్లీహిల్స్ వైపు ఒక మున్సిపల్ ఆఫీసులో ఇంటి పన్ను సీటు చూసేదాన్ని. ఆ ఎండాకాలం పాత బకాయిల మీద వడ్డీ మాఫీ అని ప్రకటించారు. సొంతింట్లో ఉండే చిన్న కుటుంబాలకు పన్ను తగ్గించే వీలు అంతకుముందు నుంచే ఉంది. అడిగితేనే ఇస్తారు. అడగాలని చాలామందికి తెలియదు.

ఒకరోజు ఒక పెద్దాయన వచ్చాడు. మద్రాసు నుంచి సినిమావాళ్ళతో పాటు ఇక్కడికొచ్చి, రిటైరయ్యేదాకా లైట్‌మన్‌గా చేసినవాడు. ఫిల్మ్‌నగర్ బస్తీలో గుట్ట మీద రెండు గదుల ఇల్లు. మాఫీ మాటెత్తలేదు. బకాయిని వాయిదాల్లో కట్టుకోవచ్చా అని మాత్రం అడిగాడు.

బిల్లు చూస్తే ముందు గదిని దుకాణంగా రాసి, రెండింతలకు పైగా వేశారు. ఏం దుకాణమని అడిగాను. మాకు దుకాణం ఎప్పుడూ లేదండీ అన్నాడు. కొలతలకు వచ్చినవాళ్ళు బయట షట్టర్ చూసి రాసుకుపోయారట. మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారంటే, మళ్ళీ వాయిదాల సంగతే అడిగాడు.

తనిఖీకి నేనే వెళ్ళాను. షట్టర్ సగం ఎత్తి ఉంది. లోపల మంచం మీద ఆయన భార్య. పక్షవాతం. చక్రాల కుర్చీ గుమ్మంలో పట్టక, గోడ కొట్టించి, ఎక్కడో పాత షట్టర్ కొనితెచ్చి బిగించాడు. అది ఎత్తితే ఆమెకు వీధి కనిపిస్తుంది, వచ్చేపోయేవాళ్ళు పలకరిస్తారు.

టేపు పట్టుకుని కొలుస్తుంటే ఆమె మెల్లగా అడిగింది.

"మాఫీ అంటే, మేం ఎగ్గొట్టామని రాస్తారా అమ్మా?"

పన్ను తగ్గించమని ఆయన ఎందుకు అడగలేదో అప్పుడు అర్థమైంది. ఒకరి దయ మీద బతికినట్టు ఉండకూడదని ఆమె పట్టు. ఆమె మాట కాదనడం ఆయనకు చేతకాలేదు.

"లేదమ్మా. తప్పు మాది. గిది దుకాణం కాదు, మీరు పండుకునే గది. గట్లనే రాస్త," అన్నాను.

"అయితే ఆ తప్పనే మాట కూడా రాయండి," అందామె.

రాశాను. దుకాణంగా నమోదు చేయడం ఆఫీసు తప్పు అని. మా ఆఫీసర్ ఆ మాట దగ్గర ఆగి, సవరణ అని మార్చమన్నాడు. ఆయన ముందు గట్టిగా మాట్లాడిన అలవాటు నాకు లేదు. ఆమెకు మాటిచ్చాను సార్, మార్చలేను అన్నాను. ఫైలు రెండు రోజులు బల్ల మీదే ఉంచుకుని, చివరికి ఆ మాట మార్చకుండానే సంతకం పెట్టాడు.

పన్ను సగానికి పైగా తగ్గింది, వడ్డీ పోయింది. ఆర్డర్ కాపీ పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళి చదివి వినిపిస్తే, ఆమె రెండోసారి చదివించుకుందట. మర్నాడే ఆయన వచ్చి మొత్తం ఒకేసారి కట్టేశాడు.

ఆ తర్వాతి వారం మళ్ళీ వచ్చాడు. వెంట వాళ్ళ గల్లీ ఆడవాళ్ళు ముగ్గురు, చేతుల్లో బిల్లులు. వాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టి, నా దగ్గర పెన్ను అడిగి తీసుకుని, ఒక్కొక్కరి పన్ను తగ్గింపు దరఖాస్తూ తనే నింపడం మొదలుపెట్టాడు.