ఫౌజు వద్దన్న పదిమంది

ఆ రోజుల్లో మాకు ప్రభుత్వాలంటే పెద్ద భయమేమీ ఉండేది కాదు, ఎందుకంటే మా కళ్లముందే రెండు మూడు మారిపోయాయి. పోలీస్ యాక్షన్ అయిపోయింది గానీ, పేరు తెలియని మనిషి ఎదురుపడితే గొంతు తగ్గించి మాట్లాడే అలవాటు మా పెద్దవాళ్లకింకా పోలేదు. మాకు మాత్రం గొంతు పెంచే వయసు. నాకు పంతొమ్మిదేళ్లు, చిలకలగూడలో ఇల్లు, దగ్గరలోని మిషన్ బడిలో మూడో తరగతి పంతులుగా కొత్త ఉద్యోగం, పెదవి పైన ఒక మీసం (దాన్ని మీసమని నేను తప్ప ఇంకెవరూ అనలేదు). ఇన్ని అర్హతలున్న మనిషి దేశానికి ఏదో ఒకటి చెయ్యకుండా ఊరుకోవడం తప్పని నాకు గట్టిగా అనిపించేది.

చెయ్యడానికి పని కూడా తొందరగానే దొరికింది. మా వీధి చివర ఒక చిన్న సర్కారు దవాఖాన ఉండేది. రెండు గదులు, ఒక వరండా, వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరు, రోజూ ఉండే మా మేనత్త. అత్త అక్కడ నర్సు. ఆ చుట్టుపక్కల పిల్లల్లో చాలామంది మొదటి ఏడుపు ఆమె చేతుల్లోనే ఏడ్చారు. ఒకరోజు దవాఖాన తలుపు మీద ఒక కాగితం అంటించారు. ఖర్చు తగ్గింపు కోసం నెలాఖరున దవాఖాన మూసేస్తారట, పసిపిల్లలకిచ్చే పాలు ఆ వారం నుంచే బంద్. అదే వారం తిరుమలగిరి కంటోన్మెంటుకు కొత్త లారీలు వరసగా పోవడం మేమందరం చూశాం. నొప్పులొచ్చిన ఆడమనిషి ఇకమీద టాంగాలో ఎగిరెగిరి పడుతూ పెద్ద దవాఖాన దాకా పోవాలి. మా సూది వాళ్ల వదినకు అప్పుడు ఎనిమిదో నెల.

సూది అంటే మా వీధి టైలర్ భాయ్ చిన్న కొడుకు. సన్నగా ఉండి, ఏ మాటకైనా సూటిగా గుచ్చుకునేవాడు కాబట్టి ఆ పేరు. మా నాయకుడు ఇంకొకడు ఉండేవాడు, కాలేజీలో చదివేవాడు. ఇరానీ హోటల్లో చాయ్ తాగాలన్నా 'ఇందుమూలంగా తీర్మానించడమైనది' అనేవాడు కాబట్టి అతనికి తీర్మానం అని పేరు పెట్టాం. మొత్తం పదకొండు మందిమి కూడి, ఫౌజు ఖర్చు సగానికి తగ్గించాలని, మా దవాఖాన నడపాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. చేతిరాత బాగుంటుందని వినతిపత్రం నా చేత రెండు ప్రతులు రాయించారు, ఒకటి దవాఖానల అధికారికిచ్చి వచ్చాం, రెండోది ఫౌజుకు. (మా నాన్న తిరుమలగిరి మిలిటరీ గోదాములో గుమాస్తా. టైలర్ భాయ్ కుట్టేవన్నీ ఫౌజు యూనిఫారాలే. మిగతా తొమ్మిది మంది ఇళ్లలోనూ పొయ్యి వెలిగేది ఫౌజు వల్లనో రైల్వే వల్లనో. ఈ సంగతి తీర్మానంలో రాయలేదు.)

గుంపుగా నడవాలంటే పోలీసుల పర్మిషన్ కావాలి. అడిగితే ఇవ్వరు కాబట్టి అడగలేదు. కంటోన్మెంటు గేటు దాకా మౌనంగా పోవాలని, అక్కడ బ్యానరు విప్పి నినాదాలు షురూ చెయ్యాలని నిర్ణయించాం. చేతులకు నల్లపట్టీలు కట్టుకోవాలన్నారు. ఆ పని సూదికి అప్పగిస్తే, కొట్లో నల్లబట్ట లేదని, ఉన్న ఆకుపచ్చ ఫౌజు బట్ట ముక్కలతోనే పదకొండు పట్టీలు కుట్టుకొచ్చాడు. డబుల్ కుట్టు, అంచు మడత, ఇత్తడి బొత్తాం. "నిరసనకు ఇంత మంచి కుట్టు ఎందుకురా?" అని అడిగితే, "చెడగొట్టి కుట్టుడు నాకు రాదు భాయ్," అన్నాడు.

శనివారం ఒంటిపూట బడి కాగానే బయల్దేరాం. బ్యానరు పరుపుచుట్టలా చుట్టి నా భుజానికెత్తారు. మేమందరం ఒకే డ్రిల్ మాస్టారు చేతిలో దెబ్బలు తిన్నవాళ్లం. ఇద్దరిద్దరుగా, కాలుకు కాలు కలిపి, చెయ్యి భుజం దాకా ఊపుతూ తప్ప వరసలో నడవడం మాకు ఇంకో రకంగా రాదు. అలా ఎండలో, మౌనంగా, పచ్చ పట్టీలతో తిరుమలగిరి చేరేసరికి గేటు ముందు వంద మంది దాకా తోసుకుంటున్నారు. మాకు చాలా సంతోషమైంది, మన ఉద్యమం ఇంత పాకిందా అని. మీసాల హవల్దారు ఒకడు ఆ గుంపును కర్రతో వెనక్కి నెడుతూ మమ్మల్ని చూసి ఆగిపోయాడు. అతని ముఖంలో ఉన్నంత ప్రేమ నేను మళ్లీ ఏ యూనిఫారం మీదా చూడలేదు. "శాబాష్! దేఖో, ఇసే కహతే హై లైన్!" వరసంటే ఇదీ అని గుంపుకు చూపించి, నా భుజం మీది బ్యానరు తట్టి, "బిస్తర్ భీ లాయే హై!" అని, పరుపు కూడా తెచ్చుకున్నామని మెచ్చుకున్నాడు. తీర్మానం గంభీరంగా వినతిపత్రం అందించాడు. తెలుగు రాని హవల్దారు కింద ఉన్న పదకొండు సంతకాలు లెక్కపెట్టి, మా తలలు లెక్కపెట్టి, రెండూ కలిసేసరికి గేటు తెరిచాడు.

"ఏందిరా, లోపటికి పొమ్మంటున్రు?" అన్నాను నేను.

"చర్చలకు," అన్నాడు తీర్మానం. "కాయితం పనిచేసింది."

లోపల ఒక షెడ్డు ముందు నిలబెట్టి అంగీలు విప్పమన్నారు.

"చర్చలకు అంగీలెందుకు విప్పాలె భాయ్?" అని సూది అడిగాడు.

"వాళ్ల పద్ధతి గట్లుంటదేమో. జెర ఓపిక పట్టు," అన్నాడు తీర్మానం, అప్పటికే బొత్తాలు విప్పుకుంటూ.

అది సిపాయిల భర్తీ అని మాకు అర్థమయ్యేసరికి వెనక గేటు మూసేశారు. పారిపోదామంటే ముందు ఎవడు పరిగెత్తాలన్నది తీర్మానం కాలేదు. వరసలో నా వంతొచ్చింది. బల్ల వెనక ఉన్న గుమాస్తా తల ఎత్తకుండానే "పేరు?" అన్నాడు. ఆ గొంతు నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే. గోదాము నుంచి ఆ రోజుకు నాన్నను భర్తీ పనికి పంపారట. పొద్దున చాయ్ తాగేటప్పుడు నాతో చెప్పాడు కూడా, నేను వినలేదు. పేరు చెప్పాను. కలం ఆగింది. నాన్న నన్ను కింది నుంచి పైదాకా చూశాడు, అంగీ లేకుండా. పక్కనే హవల్దారు నిలబడి ఉన్నాడు.

"తండ్రి పేరు?" అన్నాడు నాన్న.

ఆయన పేరు ఆయనకే చెప్పాను. రాసుకున్నాడు. తర్వాత చాలా చిన్నగా, "మీ అమ్మకు చెప్పి వచ్చినవా?" అన్నాడు. లేదన్నట్టు తలూపాను. అంత సిగ్గు నాకు ఆ ఉద్యమంలో ఇంకెప్పుడూ కలగలేదు. ఏమైందో చెబుదామనుకునేలోపు నన్ను ముందుకు తోశారు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఫౌజే దండగ అని రాసిన చేతులు నావి. అయినా డాక్టరు మనిషి నా ఛాతీ చుట్టూ టేపు వేసి "సాస్ లో" అనగానే, నేను ప్రాణం పెట్టి ఊపిరి పీల్చాను. కళ్లు బయటికొచ్చేంత పీల్చాను. దానితో ఒక అర అంగుళం ఎక్కువే వచ్చింది. నాకు గర్వంగా అనిపించింది కూడా. అప్పుడు వెనక నుంచి సూది, "సాబ్, టేపు గట్ల పట్టరు. ఎనకకెళ్లి కిందికి జారింది," అని ముందుకొచ్చి, వృత్తిధర్మంగా టేపు సరిచేశాడు. అర అంగుళం పోయింది. వాడితో నేను చాలా రోజులు మాట్లాడలేదు.

పదకొండు మందిలో పనికొచ్చినవాడు సూది ఒక్కడే. "నాకు కొట్ల పనుంది సాబ్, మీ యూనిఫారాలే కుట్టాలె," అని తప్పించుకున్నాడు. మిగతా పదిమందికి రక్తం లేదు, కండ లేదు, తీర్మానానికి ఆ రెండింటితో పాటు దంతాలు కూడా సరిగా లేవు. మిలిటరీ డాక్టరు ఒక్కొక్కరికి ఒక చీటీ రాసి గుండ్రటి ముద్ర కొట్టాడు: ఈ మనిషి బలహీనుడు, ఇతని ఇంటికి దగ్గరలోని సర్కారు దవాఖానలో పూర్తిగా నయమయ్యేదాకా చికిత్స చేయించి మళ్లీ పంపవలెను. నేను ధైర్యం చేసి, "సార్, ఆ దవాఖాన నెలాఖరుకు మూసేస్తున్నారు," అన్నాను. ఆయన తల ఎత్తకుండానే, "అయితే నెలాఖరులోగా నయం చేసుకో," అన్నాడు. మా చర్చలు అంతటితో ముగిశాయి. బ్యానరు విప్పనేలేదు.

సాయంత్రం నాన్న అన్నం ముందు కూర్చుని జేబులోంచి మా వినతిపత్రం తీశాడు. భర్తీ జాబితా అనుకుని హవల్దారు దాన్ని ఆయన బల్లమీదే పెట్టాడట. "అక్కడ తెలుగు చదివేటోన్ని నేనొక్కన్నే ఉన్న, బతికిపోయినవ్," అన్నాడు. మళ్లీ ఒకసారి మెల్లగా చదివాడు. "ఫౌజు ఖర్చు సగం తగ్గించాలె అని రాసినవ్. నేను సుత ఆ ఖర్చే గద. ఏ సగం తగ్గియ్యాలె?" నాన్న తన కంచంలోని చేపముక్క తీసి నా కంచంలో వేశాడు. "తిను. ఛాతీ పెరగాలె," అన్నాడు. అమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు.

మర్నాడు ఆ చీటీలు పట్టుకుపోతే అత్త నవ్వుతుందనుకున్నాను. ఆమె పది చీటీలూ వరసగా పరిచి, ముద్రలు వేలితో తడిమి చూసి, "ఇవి నాకియ్యుండ్రి," అంది. నెలాఖరున దవాఖానల అధికారి తాళంకప్పతో వచ్చాడు. మేమిచ్చిన వినతిపత్రం ప్రతిని చాయ్ కప్పు కింద పెట్టుకున్నది ఆయనే. అత్త రిజిస్టరు తెరిచి, "సార్, వీళ్లు ఫౌజువాళ్లు పంపిన మరీజులు. చికిత్స షురూ అయింది. మూసెయ్యమంటే మూసేస్తా, ఫౌజుకు జవాబు మీరు రాయుండ్రి," అంది. ఫౌజే వచ్చి సర్కారును దించిన ఆ పోలీస్ యాక్షన్ అయి ఎంతో కాలం కాలేదు. ఆయన గుండ్రటి ముద్ర చూశాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. పైవాళ్లను అడిగి జవాబొచ్చేదాకా దవాఖాన నడవాలని రాసి, తాళంకప్ప వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ జవాబు ఇప్పటిదాకా రాలేదు.

ఆ తర్వాత పదకొండో రోజున సూది వాళ్ల వదిన ఆ దవాఖానలోనే ఆడపిల్లను కన్నది. అత్త మా అందరినీ పిలిచి చూపించింది. పిల్ల ఆ రెండు గదులూ అదిరేటట్టు ఏడ్చింది. "ఛాతీ అంటే ఇది," అంది అత్త మావైపు చూస్తూ. సూది గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నేను వాడితో మాటలు మళ్లీ మొదలుపెట్టింది అప్పుడే.

ఆ తర్వాత మా కష్టాలు మొదలయ్యాయి. మాకు నయమైతే దవాఖాన మూతపడుతుంది. రోజూ పొద్దున పదిమందిమీ వరండాలో వరసగా నిలబడి చేపనూనె తాగాలి. దాంతో ఒళ్లు చేస్తున్నాం, అదొక తక్లీఫ్. "మంచిగయిందని ఎవడన్న అన్నడో, కాళ్లిరగ్గొడ్తా," అని అత్త బెదిరించేది. తనిఖీ ఉన్న రోజున మేము చిక్కి కనబడాలని సూది మాకు రెండు సైజులు పెద్ద అంగీలు కుట్టిపెట్టాడు. తీర్మానానికి బుగ్గలొచ్చేశాయి, వాటికి మాత్రం ఏ అంగీ దొరకలేదు. తనిఖీ జరిగినంతసేపూ అతను బుగ్గలు లోపలికి పీల్చుకుని నిలబడేవాడు. మాట్లాడకుండా అతను అంతసేపు ఉండటం మేము అప్పుడే చూశాం. అత్త రిటైరైన రోజున కొత్త నర్సుకు రిజిస్టరు అప్పగిస్తూ మా పది పేర్లు చూపించి, "ఈళ్లకు నయం కానియ్యకు బిడ్డా," అని చెప్పింది. అప్పటికి మాలో ఇద్దరు తాతలయ్యారు.

మొన్నామధ్య దగ్గొస్తే అక్కడికే వెళ్లాను. ఇప్పుడది మూడంతస్తుల దవాఖాన. నా మనవరాలి వయసు డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి, "ఊపిరి పీల్చండి అంకుల్," అంది. పీల్చాను. అలవాటు ఎక్కడికి పోతుంది, ఉన్నదంతా బిగబట్టి ఛాతీ విరుచుకుని కూర్చున్నాను. "చాలు అంకుల్, వదిలెయ్యండి," అని ఆ పిల్ల నవ్వి, కలం తీసుకుని, "అంతా నార్మల్. మీకేం జబ్బు లేదు," అంది. నేను చుట్టూ చూశాను. వరండాలో ఒక నిండు చూలాలు గోడకానుకుని కూర్చుని ఉంది.

"జెర మెల్లగ చెప్పు తల్లీ," అన్నాను. "జబ్బు లేదని మాత్రం రాయకు."