‘నీలిడేగ’ మీద పద్మక్క మాట

పద్మలత ఎట్లాంటి మనిషో తెలియాలంటే ఆమె దుకాణంలో కాసేపు నిలబడితే చాలు. వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల బజారులో వాళ్లది మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకొని వెళ్తే దానికి కలిసే జాకెట్టు ముక్క, లైనింగు, ఫాల్ తీసి ఇస్తారు. ఇట్లాంటి దుకాణాల్లో ‘లేదు’ అనే మాట వినిపించదు. నెమలికంఠం రంగు అడిగితే ముదురాకుపచ్చ ముక్క పరిచి, ట్యూబులైటు కింద అట్లా కనిపిస్తుంది గానీ ఎండలోకి పోతే సరిగ్గా కలుస్తుంది అంటారు. పద్మక్క ముక్కను చీర మీద పెట్టి ఒక్కసారి చూసి, “కలుస్తలేదమ్మా. నాతాన లేదు. మూలమీది దుకాణంల అడుగు” అంటుంది.

ఆ మాట విన్నప్పుడల్లా గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆమె మామగారు రాజేశ్వర్ రావు గారి ముఖం మాడిపోతుంది. “దుకాణంల కూసున్నోళ్ల నాలుక గల్లాపెట్టెల ఉండాలె బిడ్డా” అంటాడు ఆయన. నలభై ఏళ్లుగా అదే బజారులో కూర్చున్న మనిషి. ఏ పార్టీ మంచిది, ఏ సినిమా బాగుంది అని ఎవరు అడిగినా నవ్వి చాయ్ తెప్పించేవాడు తప్ప జవాబు చెప్పేవాడు కాదు.

కాశిబుగ్గలో వాళ్ల ఇంటి మీది వాటాలో మేము అద్దెకు ఉంటాం. నేను ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా పాపకు మూడేళ్లు. దానికి జ్వరం వచ్చిన ప్రతిసారీ నేను గూగుల్‌లో లేని రోగాలన్నీ వెతుక్కుంటుంటే, పద్మక్క పైకి వచ్చి పాప నుదురు తాకి, “దీనికేం కాలే. నీకే దవాఖాన గావాలె” అని పోతుంది. మొగమ్మీదే చెప్పే అలవాటు ఆమెది. ఆ అలవాటు వల్లే ఈ మధ్య ఊరంతా ఆమె మీద పడింది.

‘నీలిడేగ’ మొదటి సినిమా వచ్చినప్పుడు పద్మక్క పరకాలలో ఇంటర్ చదువుతోంది. ఆటో నడిపే కుర్రాడికి రెక్కలు మొలుస్తాయి. వాటిని దాచడానికి తల్లి తన పాత చీరతో నీలం అంగీ కుడుతుంది. ఆ తల్లి పాత్ర అంటే పద్మక్కకు ప్రాణం. “మా అమ్మ నా పక్కన కూసొని, గా కుట్టు గాలికి ఆగదే, డబుల్ ఏసేది ఉండె అన్నది” అని ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

ఈ ఏడు దాన్నే మళ్లీ తీశారు. కొనసాగింపు కాదు. కొత్త హీరోతో, అదే కథను మొదటి నుంచి మార్చి తీశారు. రీబూట్ అట. సినిమా రాకముందే ఊరు రెండుగా చీలింది. పాత హీరో అభిమానులు, కొత్త హీరో అభిమానులు. మా కాలేజీలో ల్యాబులో పిప్పెట్లు పట్టుకొని కూడా ఇదే లొల్లి.

మొదటి రోజు ఉదయం ఆటకు పద్మక్క, నేను వెళ్లాం. పాపను మా అత్తమ్మ దగ్గర వదిలాను. ఆ హాలులో మోతకు పిల్ల చెవులు ఏమవుతాయోనని నా భయం. మోత అనుకున్నట్టే ఉంది. సినిమాలో మొదటి పావుగంటలోనే హీరో తల్లి చనిపోతుంది. మంటల మధ్య కొడుకు ముఖం రెండు చేతుల్లోకి తీసుకొని ఏదో చెబుతోంది. పెదాలు కదులుతున్నాయి. సరిగ్గా అప్పుడే తెర మీద టైటిల్ పడింది. ఈలలు, డప్పులు, గుప్పెళ్లకొద్దీ కాగితం ముక్కలు. కొందరు కుర్రాళ్లు తెర ముందుకెక్కి ఎగురుతున్నారు. ఒక్క మాట వినపడలేదు.

పద్మక్క లేచి అరిచింది. “అరేయ్, ఆమె ఏమో చెప్తాంది! జర ఇననియ్యున్రి!”

ముందు వరుసలో కుర్రాడు వెనక్కి తిరిగాడు. “అక్కా, టైటిల్ పడుతాంది. ఎంజాయ్ చెయ్యి!”

“ఆమె సస్తాంటే ఎంజాయ్ ఏందిరా?”

అతను కాగితాలు ఆమె మీద కూడా చల్లి మళ్లీ తెర వైపు తిరిగాడు.

బయటికి రాగానే మైకులు. మొదటి ఆట విడిచే వేళకు హాలు గేటు దగ్గర యూట్యూబ్ చానెళ్ల వాళ్లు వరుసగా నిలబడతారు. పబ్లిక్ టాక్. ఒకతను మైకు పద్మక్క నోటి దగ్గర పెట్టాడు. ఆమె చాలాసేపు మాట్లాడింది. తల్లిని చీమను నలిపినట్టు నలిపారని, పాతదాంట్లో ఆమెకున్న విలువ ఇందులో లేదని అన్నది. హీరో ఊరికే నిలబడి చూస్తాడేందని అడిగింది. బజారు తగలబడుతుంటే, ఒక పిల్ల అరిచే దాకా అతను కదలడు. ఆ తర్వాత, రెండో సగం బాగుందని, హీరో చెల్లెలు ఎగిరే సీను పాత సినిమాలో లేని గొప్ప సంగతని, కొత్త కుర్రాడు మంచిగ చేసిండని చెప్పింది. చివరికి, లోపల లొల్లి చేసేవాళ్లకు సినిమా అక్కర్లేదు, మిగతా వాళ్లనన్నా చూడనివ్వాలని తిట్టింది.

సాయంత్రానికి వీడియో వచ్చింది. అందులో ఆమెవి రెండే వాక్యాలు. “తల్లిని చీమను నలిపినట్టు నలిపిర్రు. హీరో ఊకె నిలవడి సూత్తాండు, గిదేం సినిమా?” పైన పెద్ద అక్షరాలతో ‘నీలిడేగను ఉతికి ఆరేసిన ఆంటీ’. ఆమె ముఖం చుట్టూ మంటలు.

నేను విద్యార్థులకు చెబుతుంటాను, ద్రావణం అడుగు నుంచి ఒక చుక్క తీసి మొత్తం ఇదే అనొద్దు, బాగా కలిపి తీయాలి అని. వీళ్లు చుక్క తీసి మిగతాది పారబోశారు. కింద కామెంట్లు చదివాను. చదవకుండా ఉండాల్సింది. నా ఒళ్లో పాప నిద్రపోతోంది. ఒక ఆడమనిషి సినిమా గురించి రెండు మాటలు అన్నందుకు ఆమె ఒంటి గురించి, ఆమె కూతురు స్రవంతి గురించి, ఏ బజారులో కూర్చుంటుందో దాని గురించి ముక్కూముఖం తెలియని వందల మంది రాశారు. మా పాప కూడా రేపు నోరు తెరిచి తనకు అనిపించింది చెబుతుంది కదా అని భయమేసింది. తర్వాత ఒళ్లు మండింది.

పద్మక్క ఆ చానెల్ కుర్రాడికి ఫోన్ చేసింది. “మొత్తం పెట్టు, లేకుంటె తీసెయ్యి.”

“అక్కా, మొత్తం ఎవలు సూత్తరు? గా రెండు ముక్కలకే లక్ష దాటింది. ఫేమస్ అయినవ్, ఖుషీ చెయ్యి.”

రెండు రోజులకు పోచమ్మ మైదాన్ దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. పాత హీరో రెక్కలు చాపి నిలబడ్డాడు. ఆయన రెక్క కింద పద్మక్క ఫొటో. ‘నిజం మాట్లాడిన వీరనారి మా పద్మక్కకు జేజేలు’. పెట్టించింది తిరుమల. పాత హీరో అభిమాన సంఘానికి పెద్ద, ముప్పై అయిదు దాటిన మనిషి, మొబైల్ రిపేరు దుకాణం నడుపుతాడు. పద్మక్క నన్ను స్కూటీ వెనక ఎక్కించుకొని నేరుగా అక్కడికి పోయింది.

“తిరుమలా, ఎవలనడిగి పెట్టినవ్?”

“అక్కా! గౌరవం అక్కా. నువ్వు మా సైడు మాట్లాడినవ్.”

“నేను ఏ సైడు మాట్లాడలే. సగం బాగుందని గూడ అన్న.”

తిరుమల నవ్వాడు. “గది కట్ అయిందిగా అక్కా. ఇంక ఫికరేంది?”

“దింపు.”

“దింపుతే మా ఇజ్జత్ ఏంగావాలె? గా పిలగాండ్ల ముంగట తల ఎత్తుకోవద్దా?”

దింపలేదు. ఇంట్లో ఆ రాత్రి రాజేశ్వర్ రావు గారు అన్నం ముందు కూర్చొని కూడా తినలేదు. పద్మక్క భర్త హరికృష్ణ తండ్రికీ భార్యకూ మధ్య పప్పు గిన్నె జరుపుతూ ఉండిపోయాడు. “ఒక్క సారీ చెప్తే అయిపోతది బిడ్డా. సారీకి పైసల్ వడ్తయా?” అన్నాడు పెద్దాయన.

“తప్పు చేస్తే చెప్తా మామయ్యా. మాట్లాడితే గూడ సారీనా?”

ఆదివారం సారీ అడగడానికి వాళ్లే వచ్చారు. నేను పాపకు గౌను గుడ్డ కోసం దుకాణంలోనే ఉన్నాను. కొత్త హీరో అభిమానులు అయిదారుగురు. ముందున్నవాడు శశాంక్. పోయిన నెల వాళ్లమ్మతో వచ్చి సంచీ పట్టుకొని నిలబడ్డ పిలగాడే. ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

“ఆంటీ, మా అన్నకు సారీ చెప్పి వీడియో ఇయ్యాలె. లేకుంటె ఈడనే కూసుంటం.”

గిరాకీ ఆడవాళ్లు చీరలు చంకలో పెట్టుకొని గోడవైపు జరిగారు. రాజేశ్వర్ రావు గారు గల్లాపెట్టె వెనక నుంచి లేచి వచ్చాడు. ఫోను ముందు నిలబడి రెండు చేతులు జోడించాడు. “బాబూ, మా కోడలు తెలువక...”

ఆ తెల్లజుట్టు మనిషి, పద్దెనిమిదేళ్ల కుర్రాడి ముందు. పద్మక్క కత్తెర పక్కన పెట్టి, వచ్చి, ఆయన చేతులు పట్టుకొని కిందికి దింపింది. “మీరు కూసోండ్రి మామయ్యా” అని, శశాంక్ వైపు తిరిగింది.

“ఎన్నిసార్లు సూసినవ్ సినిమా?”

“నాలుగు. అన్నీ మొదటి రెండు దినాలల్లనే.”

“తల్లి సచ్చిపోయేటప్పుడు కొడుక్కు ఏం చెప్పింది?”

శశాంక్ పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు ఇంకొకడి వైపు. “గప్పుడు టైటిల్ పడ్తది ఆంటీ. పేపర్లు ఎగరేస్తాన్నం.”

“నాలుగుసార్లు?”

“నాలుగుసార్లు ఎగరేసినం.”

గోడ దగ్గర ఒకావిడ కిసుక్కున నవ్వింది. శశాంక్ ముఖం ఎర్రబడింది. “లొల్లి వద్దు, సారీ చెప్పు!”

“చెప్త, పట్టు ఫోను. ఆ హాలు గేటుకాడ ఏమన్ననో మొత్తం చెప్త.” ఆమె మొదలుపెట్టింది. బాగున్నదీ, బాగాలేనిదీ, వాళ్ల లొల్లీ, దేన్నీ వదలలేదు. ఒక గిరాకీ “లైనింగు ఉందా” అని అడగబోతే రాజేశ్వర్ రావు గారు, “జర ఆగమ్మా, మాట్లాడుతాంది” అన్నాడు. ఆయన గొంతులో సంతోషమేమీ లేదు. మధ్యలో శశాంక్ ఫోను దింపేశాడు. ఆమె ఆగలేదు. వాళ్లు మెట్లు దిగుతుంటే వెనక నుంచి కూడా చెప్పింది.

మర్నాడు ఆ వీడియో వచ్చింది. “కొత్త పిలగాడు మంచిగ చేసిండు. చెల్లె ఎగిరేది పాతదాంట్ల లేదు.” అంతే. పైన ‘తప్పు ఒప్పుకున్న ఆంటీ’.

ఈసారి తిట్టడం పాత హీరో వాళ్ల వంతు. అమ్ముడుపోయిందన్నారు. నిన్నటిదాకా వీరనారి అన్న నోళ్లే. పోచమ్మ మైదాన్‌లో ఫ్లెక్సీని మాత్రం దింపలేదు. పద్మక్క ముఖం ఉన్నచోట బ్లేడుతో కోసి తీసేశారు. రెక్క కింద గుండ్రంగా బొక్క, అందులోంచి వెనక కరెంటు తీగలు కనిపించేవి. స్రవంతి బడికి ఆ దారిలోనే పోవాలి. పద్మక్క ఆ పిల్లను రెండు వారాలు చుట్టు తిరిగి దింపి వచ్చింది. ఒక మనిషి మాటకు ఈ ఊరిలో దొరికిన మర్యాద ఇది. చదువుకున్న పిల్లలే చేశారు. వాళ్లలో ఇద్దరు నా విద్యార్థులు. క్లాసులో వాళ్ల ముఖం చూసి పాఠం చెప్పడానికి పళ్లు బిగపట్టాల్సి వచ్చింది.

మూడో వారం, ఒక పనిదినం, మధ్యాహ్నం ఆటకు పోదామన్నది పద్మక్క. “ఆమె ఏం చెప్పిందో ఇనాలె” అన్నది, అంతే. హాలులో పట్టుమని పది మంది లేరు. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. మంటలు వచ్చాయి. తల్లి కొడుకు ముఖం చేతుల్లోకి తీసుకుంది.

“రెక్కలున్నయని ఎగురకు బిడ్డా” అన్నది. “ఎవలన్న పిలుస్తే ఎగురు. పిలువంగనే ఎగురు.”

ఆ మాటల మధ్యే టైటిల్ పడింది. ఎవరూ ఈల వేయలేదు.

ఆ తర్వాత సినిమా అంతా వేరే సినిమా. బజారు తగలబడుతుంటే అతను ఎందుకు నిలబడ్డాడో, పిల్ల అరిచాకే ఎందుకు కదిలాడో తెలిసింది. నచ్చినవాళ్లు స్టైల్ అన్నారు. నచ్చనివాళ్లు పిచ్చోడన్నారు. పద్మక్క కూడా గేటు దగ్గర మైకులో అదే అడిగింది. ఊరు ఊరంతా వినని మాట మీద కొట్టుకుంది. చీకట్లో పక్కకు చూశాను. ఆమె ఏడవడం లేదు. సీటు చేతిని గట్టిగా పట్టుకొని తెరనే చూస్తోంది.

బయటికి వచ్చాం. గేటు దగ్గర మైకులు లేవు. గోడ మీద ‘నీలిడేగ’ పోస్టరు మీదే కొత్త సినిమా పోస్టరు అంటిస్తున్నారు. పద్మక్క ఎండలోనే నిలబడి తిరుమలకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది.

“తిరుమలా, తల్లిని చీమ లెక్క నలిపిర్రన్న. నాదే తప్పు, నాకు ఇనవడలే. మీరు ఇననియ్యలే. సినిమా మొత్తం ఆమె మాట మీదనే ఉన్నదిరా!”

“అక్కా, ఇప్పుడు దాని సంగతి ఎవలు అడుగుతాన్రు? శుక్రవారం కొత్తది వత్తాంది.”

“నేను అడుగుతాన. ఆమె ఏమన్నదో చెప్త, ఇను.”

“గిరాకొచ్చిండు అక్కా” అని అతను పెట్టేశాడు.

పద్మక్క కొంగుతో ఫోను అద్దం తుడిచి, మళ్లీ తిరుమలకే కలిపింది.